ఎర్ర అంచులో నల్ల ముడి

మా వీధిలో ఆయన్ని వీపులాయన అంటారు. ఇరవై ఏళ్లుగా పిల్లల బొమ్మలే వేస్తున్నాడు, ఒక్కదానికీ ముఖం లేదు. ఇటుకలు మోసే వీపు, హోటల్ వెనక గిన్నెలు తోమే వీపు, మగ్గం ముందు ఒంగిన వీపు. కింద టైర్ల కొట్టతను కనిపించినప్పుడల్లా ఏడిపించేవాడు.

"ఒక్కసారి ఇటు తిరగమని చెప్పు తాతా వాళ్లని. చూసి చూసి మాకు మెడలు పడుతున్నాయి."

"తిరిగితే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే తన్నులు పడతాయి. నువ్వు కాస్తావా?" అనేవాడు పెద్దాయన, చేతిలో ఉన్న బ్రష్షు కిందికి దించకుండానే.

నాకు పని టైర్ల కొట్టు పక్కన ఫ్రేముల కొట్టులో. కాన్వాసు బిగించడం, చెక్క కోయడం, అద్దం తుడవడం. ఆయన గది మా కొట్టు మీదే. ఇనప మెట్లు ఎక్కితే తలుపు, తలుపు తీస్తే టర్పెంటైను వాసన. ఉత్తరం వైపు ఒకే కిటికీ. బల్ల కొనే స్తోమత లేక పాత దంతవైద్యుడి బోర్డుకి నాలుగు కాళ్లు తగిలించాడు. రంగులు కలిపేది దాని మీదే, అన్నం తినేదీ దాని మీదే. మనిషి అరచెయ్యంత పన్ను బొమ్మ ఒకటి ఎప్పుడూ ఆయన పళ్లెం కింద నుంచి తొంగి చూస్తుండేది.

ఆ బోర్డు రాసింది ఆయనే. చదువు రాకముందు అక్షరాలు వచ్చాయి ఆయనకి. ఎవరో సుద్దముక్కతో గీసిచ్చిన గీతల లోపల రంగు నింపుతూ నింపుతూ, అది 'ద' అని, ఇది 'వ' అని తరవాత తెలుసుకున్నాడు. అంతకుముందు ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు తివాచీ మగ్గం మీద ఉన్నాడు. తండ్రి ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి అడ్వాన్సు తీసుకున్నాడు, పిల్లాడు అది తీర్చాలి. ఎంత తీరిందో చెప్పేవాడు ఎవడూ లేడు. ఎలా బయటపడ్డారని ఎగ్జిబిషన్లలో అడిగేవాళ్లు. పోలీసులో, చట్టమో, పుణ్యాత్ముడెవరో వచ్చి ఉంటాడని వాళ్ల ఆశ.

"నా వేళ్లు లావయ్యాయండి" అనేవాడు. "లావు వేళ్లు ముడికి పనికిరావు. పొమ్మన్నారు."

అడిగినవాళ్లు పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు.

మగ్గం ఆయన్ని వదిలింది గాని ఆయన మగ్గాన్ని వదల్లేదు. తివాచీ షెడ్డులో మేస్త్రి డిజైను కాగితం పట్టుకుని రంగులు గట్టిగా చదువుతాడు. పిల్లలు అదే రంగు పలికి ముడి వేస్తారు. రెండెరుపు, ఒక తెలుపు, మూడు నీలం. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా అదే పాట. ఒక్క ముడి తప్పితే ఆ వరస మొత్తం కోసి మళ్లీ వెయ్యాలి, పైగా ఇనప దువ్వెనతో వేళ్ల మీద దెబ్బ. ఆ దువ్వెన దెబ్బలకి పెద్దాయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు ఇప్పటికీ మొద్దే. బ్రష్షు పట్టుకున్నాడో లేదో చూసి తెలుసుకోవాలి తప్ప తగిలి తెలియదు. బొమ్మలో మగ్గం వస్తే మాత్రం పెదవులు కదులుతుండేవి. కాన్వాసు మీద తివాచీని ఊరికే పూసెయ్యడు. చుక్క చుక్కగా, ఒక్కో చుక్క ఒక్కో ముడిగా వేస్తాడు. "రెండెరుపు, ఒక తెలుపు" అని గొణుక్కుంటూ.

"మాస్టారూ, దూరం నుంచి చూసేవాళ్లకి ఇదంతా కనపడదు" అన్నాను ఒకసారి.

"తెలుసురా. వదిలేద్దామనే అనుకుంటాను. చెయ్యి ఒప్పుకోదు."

ఆ మాటని నేను అప్పుడు కళాకారుల గొప్పల్లో ఒకటిగా జమకట్టాను.

మా మెట్లు ఊడ్చే ఆమెకి ఒక మేనకోడలు ఉంది. తల్లి పోయింది. తండ్రి, అంటే ఈమె అన్న, పిల్లని తివాచీ షెడ్డులో పెట్టి వేలిముద్ర వేసి, వేరే ఊళ్లో పని చూసుకుంటానని వెళ్లాడు. ఇంకా చూసుకుంటూనే ఉన్నాడు. పిల్లకి పదేళ్లు. షెడ్డువాళ్లు రెండు వారాలకోసారి ఒక పూట వదిలేవాళ్లు. ఆ పూట ఈమె పిల్లని వెంటబెట్టుకుని మెట్లు ఊడ్వడానికి వచ్చేది, పిల్ల పైకెక్కి పెద్దాయన గదిలో కూర్చునేది.

మొదటిసారి వచ్చినప్పుడు బొమ్మలన్నీ చూసి, "వీళ్లందరూ ఎవరిమీద అలిగారు తాతా?" అంది.

ఆయన నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

పిల్లకి ఎడమచెయ్యి వాటం. షెడ్డులో అందుకని మగ్గానికి ఎడమ చివర కూర్చోబెట్టారట, పక్కపిల్ల మోచెయ్యి తగలకుండా. ఎడమ చివర అంటే అంచు. అంచు మొత్తం ఎరుపే. డిజైను చూడక్కర్లేదు, వినక్కర్లేదు.

"విసుగు రాదా?" అన్నాడు పెద్దాయన.

"వస్తుంది. అందుకే ఒక పని చేస్తా. ఎవరికీ చెప్పకూడదు."

"నేనెవరికి చెప్తాను, నాతో మాట్లాడేదే ముగ్గురు."

పిల్ల నావైపు చూసింది. నేను అద్దం తుడుస్తున్నట్టు నటించాను.

"ప్రతి తివాచీలో ఒక నల్ల ముడి వేస్తా తాతా. అంచులో, కింద నుంచి జానెడు ఎత్తులో. మేస్త్రి ఎరుపు అంటాడు కదా, నేనూ నోటితో ఎరుపు అంటా. చేత్తో నలుపు వేస్తా. ఇంతవరకు ఎవడూ కనిపెట్టలేదు."

"ఎందుకమ్మా?"

పిల్ల అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "అది నాది" అంది.

పెద్దాయన ఆ రోజంతా పని చెయ్యలేదు. ఏడేళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి, తనకి ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదని నాతో రెండుసార్లు అన్నాడు.

తరవాత రెండు నెలలు ఆయన ఆ పిల్ల వీపు వేశాడు. ఆ షెడ్డు ఆయన చూడలేదు, చూడక్కర్లేదు కూడా, షెడ్లన్నీ ఒకటే. డిజైను మాత్రం పిల్లే చెప్పింది. వరస వరస, కళ్లు మూసుకుని, మేస్త్రి గొంతుతో. ఆయన చుక్క చుక్క వేశాడు. ఆ పిల్లని బయటికి తీసుకురావాలన్న పట్టుదల కూడా ఆ చుక్కలతోపాటే పెరిగింది. అంతకుముందు ఆయన ఏ పిల్ల కోసమూ ఎవరినీ అడిగినవాడు కాదు. బొమ్మ వేస్తే చాలు అనుకునే రకం. ఈసారి తనే బస్సెక్కి పిల్లల హక్కుల సంఘం మేడం దగ్గరికి వెళ్లాడు, మెట్లు ఊడ్చే ఆమెని కూడా తీసుకెళ్లి కాగితం రాయించాడు.

మేడం మంచిదే. మంచివాళ్లతో వచ్చే చిక్కులు వేరు. ఆమె అధికారుల చుట్టూ తిరిగి షెడ్డు తనిఖీకి ఒక గురువారం ఖాయం చేయించింది, గుట్టుగా. ఆ వెంటనే వచ్చే ఆదివారం బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టింది. గురువారం పిల్లలు బయటికి వస్తారు, ఆదివారం ఆ పిల్లే రిబ్బను కోస్తుంది, తన బొమ్మ ముందు తను నిలబడుతుంది. ఇదీ ఆమె లెక్క. బొమ్మ చూడగానే ఫోనులో ఫోటో తీసుకుంది.

"ఆహ్వానం మీద ఇదే వేద్దాం" అంది. "ముఖం లేదు కాబట్టి పాపకి ఇబ్బంది ఉండదు."

"ముఖం ఎప్పుడూ వెయ్యనమ్మా" అన్నాడు పెద్దాయన, కొంచెం గర్వంగానే.

నేనక్కడే ఉన్నాను, ఫ్రేము కొలతలు తీసుకుంటూ. బొమ్మ ఎడమ అంచులో ఎర్ర చుక్కల మధ్య ఒక నల్ల చుక్క కనపడింది.

"మాస్టారూ, ఇక్కడ బ్రష్షు జారినట్టుంది. ఎరుపు పెట్టెయ్యనా?"

"జారలేదు. అది ఆ పిల్లది, ఉండనీ."

నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇంకా చెప్పాలంటే, బాగుంది అనుకున్నాను.

కార్డు దళసరి కాగితం మీద, బంగారు అంచుతో అచ్చయింది. పైన 'బాల్యాన్ని తిరిగి ఇద్దాం' అని వంకర్లు తిరిగిన అక్షరాలు. బాల్యం ఎవరో తీసుకెళ్లి బీరువాలో పెట్టినట్టు. ఎగ్జిబిషన్‌కి మూడు వారాల ముందే కార్డులు ఊరంతా వెళ్లాయి. బడులకి, బ్యాంకులకి, క్లబ్బుకి, వ్యాపారుల సంఘానికి. వ్యాపారుల సంఘంలో తివాచీలవాళ్లు కూడా ఉన్నారు. హాలు అద్దె లేకుండా ఇచ్చింది ఆ సంఘమే. వాళ్లకి కార్డు పంపకపోతే మర్యాదగా ఉండదు.

గురువారం తనిఖీకి మేడంతో పాటు పెద్దాయన వెళ్లాడు, మెట్లు ఊడ్చే ఆమె వెళ్లింది, నేనూ వెళ్లాను. ఆమె చేతిసంచిలో పిల్లకి ఒక కొత్త గౌను ఉంది, ఆదివారానికి.

షెడ్డు కడిగినట్టు ఉంది. మగ్గాల ముందు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లు కూర్చున్న బల్లలు నేల నుంచి జానెడు ఎత్తు. మోకాళ్లు గడ్డాలకి తగులుతున్నాయి. ఒకడికి ముడి వెయ్యడం కూడా రాదు, ఉన్ని వేలికి చుట్టుకుని మావైపు చూస్తున్నాడు. అధికారి ఒక్కో మగ్గం దగ్గర ఆగి, "నీ వయసెంత?" అని అడిగాడు. నలభై, ముప్పై అయిదు, నలభై రెండు. పిల్లలు లేరని రాసుకున్నాడు. రాసుకోక ఏం చేస్తాడు, లేరు కదా.

మెట్లు ఊడ్చే ఆమె, పిల్ల కూర్చునే మూడో మగ్గం ఎడమ చివరికి వెళ్లి ఆ చిన్న బల్ల మీద కూర్చుంది. లెమ్మన్నా లేవలేదు. చివరికి మేడం చెయ్యి పట్టుకుని లేపింది.

ఆదివారం ఎగ్జిబిషన్ జరిగింది. రిబ్బను వ్యాపారుల సంఘం పెద్దమనిషి భార్య కోసింది.

సోమవారం పొద్దున ఆ షెడ్డు మేస్త్రి మా మెట్లెక్కాడు. గురువారం షెడ్డులో ఆయన లేడు, నేను చూడటం అదే మొదలు. సన్నటి ముసలి మనిషి, చేతిలో బంగారు అంచు కార్డు. పెద్దాయన చూడగానే గుర్తుపట్టాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చున్నవాళ్లట. ఈయన వేళ్లు లావయ్యాయి, ఆయనవి కాలేదు. అక్కడే ఉండి మేస్త్రి అయ్యాడు.

"ఎన్నాళ్లయిందిరా" అన్నాడు మేస్త్రి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్ల ఎక్కడుంది?" అన్నాడు పెద్దాయన.

"నాకు తెలీదు. పోయిన వారం వ్యాను వచ్చింది, ఎక్కించాం. మొత్తం పద్నాలుగు మందిని. ఏ ఊరో నాకు చెప్పరు. చెప్తే నీలాంటివాడు వచ్చి అడుగుతాడని."

"మేం వస్తున్నట్టు ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే" అన్నాడు మేస్త్రి. కార్డు బల్ల మీద పెట్టాడు, పన్ను బొమ్మ మీద. "ఈ డిజైను మా షెడ్డులో తప్ప ఎక్కడా నెయ్యరు. ఒక్కడే కొంటాడు, వాడి కోసం నేస్తాం. చూడగానే మా ఓనరు పట్టేశాడు. అయినా షెడ్డులో పదిమంది ఆడపిల్లలున్నారు, నీతో మాట్లాడింది ఎవరో తెలీదు కదా. అప్పుడు భూతద్దం పెట్టి చూశాడు. గోడౌనులో తివాచీలన్నీ విప్పించాడు. మూడో మగ్గం మీద దిగిన ప్రతిదాంట్లో ఉంది."

పెద్దాయన కార్డు తీసి ముఖానికి దగ్గరగా పెట్టి ఎడమ అంచు చూశాడు.

"నాకు ముందే తెలుసు ఆ ముడి సంగతి" అన్నాడు మేస్త్రి. "రెండేళ్లుగా చూస్తున్నా. పోనీలే అని చదువుకుంటూ పోయేవాణ్ణి. నేను దాచగలిగాను. ముఖం దాచినవాడివి, ఒక్క ముడి ఎరుపు వెయ్యలేకపోయావుట్రా?"

"వెయ్యలేకపోయాను" అన్నాడు పెద్దాయన.

మేస్త్రి కాసేపు ఆయన చేతుల వైపు చూశాడు. "అవున్లే" అన్నాడు. "ఇద్దరం ఒకే దువ్వెన కింద పెరిగాం." మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు దిగాడు.

ఈ మాటలన్నీ మెట్లు ఊడ్చే ఆమె విన్నది. గుమ్మం బయట చీపురు పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వచ్చి పెద్దాయన్ని నాలుగు మాటలు అంటుందని చూశాను. అనలేదు. మిగిలిన మెట్లు ఊడ్చి వెళ్లిపోయింది. మర్నాడూ వచ్చింది, ఊడ్చింది. కాకపోతే "బాబాయ్" అని పలకరించడం మానేసింది.

ఆ తరవాత పెద్దాయన కొత్త బొమ్మ మొదలుపెట్టలేదు. ఊళ్లో తివాచీ దుకాణాలు పదకొండు ఉన్నాయి. వారానికోసారి అన్నీ తిరిగేవాడు. లోపలికి వెళ్లడం, మోకాళ్ల మీద కూర్చోవడం, ఎర్ర అంచు ఉన్నవాటి మూల తిప్పి చూడటం. పిల్లని ఎక్కడ కూర్చోబెట్టినా ఆ ముడి వేస్తుంది, ఆయన నమ్మకం అది. ముడి దొరికితే సరుకు ఏ ఊరి నుంచి వచ్చిందో అడగొచ్చు. మొదట్లో దుకాణాలవాళ్లు కొనడానికి వచ్చాడనుకుని గౌరవంగా చూశారు. తరవాత నవ్వారు.

"ఏం తాతా, ఇవాళ ఏ మూల తిప్పుతావు? ఒక చీపురు కూడా ఇస్తాం, పనిలో పని."

ఇంకొకడు, "అత్తగారింట్లో ఉంగరం పోగొట్టుకున్నట్టున్నాడు" అన్నాడు. నేను వాడి మీదికి వెళ్లబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "తిట్టుకోనీ. రానిస్తున్నాడు కదా" అన్నాడు.

మేడం ఫోను చేసినప్పుడల్లా వేరే జిల్లాలకి రాశామని చెప్పేది. తరవాత ఆమెకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన బొమ్మని తమ ఆఫీసు గోడకి ఇమ్మని అడిగాడు, పెద్దాయన ఇవ్వలేదు.

పది నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, బస్టాండు పక్క పెద్ద దుకాణంలో కొత్త సరుకు దిగింది. నేనూ వెంట ఉన్నాను. పైన ఉన్న తివాచీ మూల తిప్పాడు. జానెడు కొలిచాడు. అలాగే ఉండిపోయాడు.

నేను ఒంగి చూశాను. ఎరుపులో నలుపు. ఒక్కటే.

"వెళ్లి అమ్మాయిని తీసుకురా" అన్నాడు.

నేను పరిగెత్తాను. మెట్లు ఊడ్చే ఆమె ఆ వేళకి ఒక బ్యాంకులో నేల తుడుస్తోంది. చెప్పగానే తడిగుడ్డ అక్కడే వదిలేసి వచ్చింది. దారిలో ఒక్కటే అడిగింది. "బాగుందంటావా?" ముడిని చూసి ఏం చెప్పగలను. బాగుందన్నాను.

ఆమె తివాచీ ముందు చతికిలబడి ఆ ముడి మీద వేలు పెట్టింది. తీయలేదు. పది నెలల తరవాత మళ్లీ "బాబాయ్" అంది. దుకాణం కుర్రాడికి ఈ హడావిడి చూసి బేరం తగిలేలా ఉందనిపించింది.

"నచ్చిందా అమ్మా? ఇదే లాటులో ఇంకా ఉన్నాయి, సైజులు కూడా దొరుకుతాయి" అని కింది దాన్ని లాగి పరిచాడు.

దాంట్లోనూ ఉంది. జానెడు ఎత్తులో, ఎడమ అంచులో.

మూడోది పరిచాడు. దాంట్లోనూ ఉంది. నాలుగు, అయిదు. ఆమె ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి చేతులతో పాకుతూ వెతుకుతోంది, ప్రతిదాంట్లో దొరుకుతోంది.

"ఇన్నీ అదే నేసిందా బాబాయ్?"

పెద్దాయన అప్పుడు మొదటిదాన్ని వెనక్కి తిప్పాడు. అంతదాకా తిప్పలేదు. ఆయన వేళ్లకి స్పర్శ లేదు కాబట్టి కళ్లద్దాలు తీసి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. అన్నీ తిప్పి చూశాడు.

"ముళ్లన్నీ ఇటు వాలి ఉన్నాయి, ఇవన్నీ కుడిచేతి ముళ్లమ్మా. మన పిల్లవి కావు."

"మరి నలుపు?"

కుర్రాడే చెప్పాడు. వాడికి ఏమీ తెలియదు, సరుకు గురించి అడిగారనుకున్నాడు. "అది డిజైనులోనే ఉందండి. పాత కాగితం పోయిందట. నేసిన తివాచీ ఒకటి ముందు పెట్టుకుని మళ్లీ గీయించారు. ఇప్పుడు అయిదారు ఊళ్లలో ఇదే నేస్తున్నారు, బాగా పోతోంది. ఆ చుక్క డ్యామేజీ కాదండి, కావాలంటే అన్నీ చూసుకోండి."

ఎక్కడో ఆ ఊళ్లలో ఎవడో మేస్త్రి ఆ కాగితం చదువుతుంటాడు. ఎరుపు, ఎరుపు, ఒక నలుపు. ఎడమ చివర కూర్చున్న పిల్ల ఒక నలుపు అంటుంది, నలుపు వేస్తుంది. మరిచిపోయి ఎరుపు వేస్తే దువ్వెన దెబ్బ.

ముగ్గురం నడిచి వచ్చాం. బ్యాంకుకి వెళ్లవా అంటే ఆమె తల అడ్డంగా ఊపి మెట్లెక్కింది. గదిలో ఆ బొమ్మ గోడకి చేరేసి ఉంది, గుడ్డ కప్పి. ఆమే గుడ్డ తీసింది. పిల్ల వీపు, జడలోంచి బయటికొచ్చిన వెంట్రుకలు, ఎత్తిన ఎడమచెయ్యి.

"ఇప్పుడైనా ఎరుపు చెయ్యి బాబాయ్."

"ఇంక దేనికమ్మా?"

"అది దానిది. ఊరందరిదీ కాదు. చెయ్యి."

పెద్దాయన సన్న బ్రష్షు తీసుకున్నాడు. ఎరుపు ముంచాడు. అంచు దగ్గర ఒంగాడు. పెదవులు కదలడం మొదలైంది. ఎరుపు, ఎరుపు, అని ఆ చుక్క దాకా వచ్చి ఆగాడు. వెనక్కి వెళ్లి కింది నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. బ్రష్షు కొస మీది ఎరుపు ఒక బొట్టుగా సాగి నేల మీద పడింది.

ఆమె రెండోసారి చెప్పలేదు. దంతవైద్యుడి బల్ల మీద ఎర్ర రంగు ముద్దలో బొటనవేలు పెట్టి, తెచ్చి, ఆ నల్ల చుక్క మీద గట్టిగా నొక్కింది. రంగు పక్క వరసల మీదికి పాకింది, తెలుపులోకి, నీలంలోకి. ఇరవై ముప్పై ముళ్లు దాని కింద పోయాయి.

పెద్దాయన ఆ వేలిముద్ర వైపు చూస్తూ నిలబడ్డాడు. గుడ్డ ఇద్దామని వెతికితే శుభ్రమైనది దొరకలేదు. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"బ్యాంకువాళ్లు చూస్తుంటారు" అని మెట్లు దిగింది.